ఐదు ఔన్సులు

స్టేషన్ రోడ్డు మలుపులో
నలభై ఒక్క ఏళ్ళు మాంసం కొట్టాను.
పక్కటెముకల మధ్య ఏ సందున దూరితే
కత్తి మొండిబారదో
నన్నడిగితే చెప్పలేను,
చేతికి తెలుసు.
ముక్క తెగేది, పొట్లం కట్టేది,
త్రాసు నా తర్వాతే మాట్లాడేది.

ఇప్పుడు పొద్దున్నే
పొద్దుతిరుగుడు గింజలు తీగె బుట్టలోకి వంపి
వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటాను.
మెరేరిద్ నోట్‌బుక్ తెరుస్తుంది.
ఎడమ పేజీ వచ్చినవాళ్ళది,
కుడి పేజీ రానివాళ్ళది.
"రెన్ పిట్ట కనబడి ఆరు రోజులైంది, ఇద్వల్"
అంటుంది, నేనే ఎక్కడో దాచినట్టు.

టౌవి లోయ మీద ఎర్ర గద్దలు
తోకలు అటూ ఇటూ మెలితిప్పుతూ
గాలిని ఏడాదికి అద్దెకు తీసుకున్నంత
తీరుబడిగా తిరుగుతాయి.
ఎక్కడో చచ్చిన గొర్రెపిల్ల మీదే వాటి చూపు,
మా తోటతో పని లేదు.
వాటిని రాసుకుంటుంది మెరేరిద్. మెచ్చుకుంటుంది కూడా.
ఆ పుస్తకంలో చోటు లేనిది
ఒక్క డేగకే.

వాడు కంచె పొద వెనకనుంచి వస్తాడు,
నేలకి జానెడెత్తున,
ఎవరో కోపంలో విసిరిన పలకలా.
నల్లపిట్ట ఒక్క కేక పెడుతుంది.
ఆ తర్వాత తోటకి నోరుండదు.
నీలిటోపీ పిట్టలు ఉన్నచోటే ముడుచుకుని
ఆకులైపోతాయి.
గడ్డి మీద గుప్పెడు ఈకలు,
వాటిలో ఒకదానికి పసుపు గీత.

మెరేరిద్ చెప్పులైనా వేసుకోకుండా
చీపురెత్తి మంచులోకి పరుగెడుతుంది.
వాడు తల తిప్పి చూస్తాడు.
మళ్ళీ తింటాడు.
నేను లేవను.
రొమ్ము దగ్గర మొదలుపెట్టాడు,
నేనైనా అక్కడే మొదలుపెట్టేవాణ్ణి.
"నీకు వాడంటే ముద్దు"
అందొకసారి, టీ కప్పు నా ముందు
కాస్త గట్టిగానే పెట్టి.
ఏమనను?
ఇన్నేళ్ళూ నేను కోసిందే వండింది,
ఏనాడూ దుకాణం వెనక గదిలోకి రాలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
కిటికీ దబ్బుమంది.
టీ ఒలికింది.
అద్దం మీద రెక్కలు చాచిన బూడిదరంగు అచ్చు,
ఈక ఈకా లెక్కపెట్టొచ్చు.
కింద, ఖాళీ కుండీల మధ్య వాడు,
నోరు తెరిచి, ఒక కాలు గాలిలో పెట్టి.
రెక్కలు తడిమి చూశాను. విరగలేదు.
రెండు చేతుల్లోకీ తీసుకున్నాను.

ఐదు ఔన్సులు.
అర ఔన్సు అటూ ఇటూ కాదు.
పిల్లికోసమని ప్రొథెరోగారి అమ్మాయి పట్టుకెళ్ళే
కాలేయం ముక్కే ఇంతకన్నా బరువు.
మా తోట మొత్తాన్ని ఊపిరి బిగబట్టించే భయం
ఇంతేనా?
నా చేతుల్లోకి వచ్చినవన్నీ
చల్లారాకే వచ్చాయి.
ఇది కాలుతోంది.
గుండె లెక్కపెట్టబోయి
అందక వదిలేశాను.

వెనక అడుగుల చప్పుడు.
చీపురనుకున్నాను.
చర్చికి వేసుకెళ్ళే బూట్ల పెట్టె తెచ్చింది,
మూతకి అల్లిక సూదితో పొడిచిన కన్నాలు.
అడుగున నా పాత బనీను.
బాయిలర్ పక్కన పెట్టి
రేడియో ఆపేసి
గంటసేపు దాని పక్కనే కూర్చుంది,
జ్వరం పిల్లాడి మంచం దగ్గరలా కాదు,
బాకీ ఉన్నవాడి గుమ్మం దగ్గరలా.

గోళ్ళు అట్టని గీకాక
పెరట్లోకి తీసుకెళ్ళి మూత తీసింది.
వాడు అంచు మీద నిలబడి
నారింజ కళ్ళతో ఆమెనే చూశాడు.
నన్ను కాదు.
అది నాకు కొంచెం గుచ్చుకుంది, అబద్ధమెందుకు.
రెప్ప వేశాను,
పక్కింటి షెడ్డు మీద గాలి మాత్రం ఉంది.

"ఇక బూట్లు ఎందులో పెట్టను?" అంది.

శుక్రవారం అద్దాలు తుడిచే గెథిన్ వచ్చాడు.
అన్నీ తుడువు, ఆ ఒక్కటీ వద్దంది.
అతను నావైపు చూశాడు,
నేను బుట్టలోకి గింజలు వంపుతున్నాను.

రెన్ ఇంకా రాలేదు.
కుడి పేజీలో
ఇవాళ్టికి పంతొమ్మిది.