శివారు మడి

కాలువ కట్టేసి ముప్పై ఒకటో రోజు.
కాట్రేనికోనలో రాత్రిళ్లు
సముద్రం హోరు వినబడుతూనే ఉంది.
మడి నెర్రెలో నా పెన్ను పడితే
పుల్లతో తీయాల్సొచ్చింది.

వరిమోళ్ల మధ్య రెండువందల పన్నెండు వరసల మినుము.
వరసకో రేకుముక్క, రేకుకో అంకె.
వాడినదానికి ఒకటి, వాడనిదానికి ఐదు.
నా ఉద్యోగం అంతే.
మధ్యాహ్నానికి పుస్తకం నిండా ఒకట్లే.

నూట నలభై ఏడు దగ్గర ఆగాను.
ఆకులు ఎండకి అంచు తిప్పి నిలబడ్డాయి,
కళ్లకి చెయ్యి అడ్డంపెట్టుకున్నట్టు.
"అదా?" అంది నూకరత్నం, కొడవలి నడుముకి దోపి,
"దొంగమినుము. మా అత్త ఏరి పారేసేది.
గింజ నలుసంత. రుబ్బితే పిండి పొంగదు.
కాయ ముట్టుకుంటే చిట్లిపోద్ది."

ఐదు వేశాను.

పొద్దువాలాక, రేపు విచ్చబోయే
లావుగింజ మొక్క మొగ్గని
పట్టకారుతో తెరిచి
పుప్పొడి తిత్తులు పదీ తీసేశాను.
తెల్లారి దొంగమినుము పుప్పొడి అంటించాలి.
గుర్తుకి ఎర్రదారం.

నూకరత్నం వంగి చూసింది.
"పుట్టేది ఎవరి పోలికండీ?"

ఏడెనిమిది పంటలు చూస్తేగానీ తెలీదన్నాను.
సరేనని తలూపింది.
ఆమె కొంగుముడిలో అప్పటికే
నాలుగు నల్లకాయలు.