గ్రేడింగు

పదకొండయింది. ట్యూబులైటు చుట్టూ ఉసుళ్లు.
యూనివర్సిటీ వాళ్లు పంపిన కాయితంలో
పన్నెండు అడ్డగీతలు, ఆరు నిలువుగీతలు.
పేరు. పాయింట్లు. రీబౌండ్లు. పాసులు. తప్పులు.
చివర్లో: పదికి ఎన్ని?
రేపు సాయంత్రానికల్లా ఒంగోలు దాటాలి ఇది.

కావలిలో మూడు పాయింట్లతో ఓడొచ్చాం.
బస్సులో ఎవరూ నోరు తెరవలేదు.
సింగరాయకొండ దగ్గర ఎవరో జామకాయలు కొన్నారు,
ఉప్పుకారం పొట్లం మాత్రం
వెనక సీటు దాకా చేతులు మారింది.

ఏడో నెంబరు ఝాన్సీ, ఇరవై రెండు పాయింట్లు.
ఈ గడి దగ్గర పెన్ను తడుముకోదు.
కానీ దాని మెడ కుడికే తిరుగుతుంది.
ఎడంపక్క ఖాళీగా నిలబడి చేతులెత్తిన పిల్ల
ఎన్నిసార్లు ఆ చేతులు దించుకుందో
ఏ గడిలో రాయను?

మస్తాన్‌బీది కనిగిరి అవతల పల్లె.
అక్కడి నీళ్లు పళ్ల మీద గీసిన పసుపు చారలకి జడిసి
టీం ఫొటోలో పెదాలు బిగించే ఉంటుంది.
రీబౌండ్లు: పద్నాలుగు.
పద్నాలుగోది రింగు మీంచి పెరుక్కున్నప్పుడు
నోరంతా తెరిచి నవ్వింది,
అంతమంది పరాయి జనం ముందర.
కిందికి దిగేటప్పుడు మోకాలు టక్కుమంది.
అది నాకొక్కదానికే వినబడింది.

సువార్త: రెండు.
రెండంటే రెండే.
చీమకుర్తిలో రాయి కోసే చప్పుడు మధ్య పెరిగిన పిల్ల.
ఝాన్సీ మీదికొచ్చే వాళ్లకి అడ్డం పోయి నిలబడుద్ది.
కదలదు, తోయదు,
గుద్దుకున్నవాళ్లే పక్కకి పడతారు.
ఆ ఇరవై రెండులో పదైనా
దీని డొక్కల పక్కనుంచి నడిచిపోయినవే.
బస్సు దిగేటప్పుడు సంచి అందుకోబోయి
చెయ్యి పైకెత్తలేక, ఎవరూ చూడకుండా
రెండో చేత్తో అందుకుంది.

అమ్మ పొగాకు కంపెనీలో ముప్పై ఏళ్లు గ్రేడింగు చేసింది.
మండె విప్పి, ఒక్కో ఆకూ వేళ్ల మధ్య నలిపి,
మడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని:
ఇది బ్రైటు, ఇది మీడియం, ఇది లోగ్రేడు.
ఆమె కలిపి పెట్టిన ముద్ద చేదుగా ఉండేది,
మేం అట్టానే తిని పెరిగాం.
దీపాలు పెట్టే వేళకి పీట మీంచి లేచేది.
మేస్త్రీ ఎంత అరిచినా అంతే.
"లైటు కింద అన్నాకులూ ఒకటే రంగు అబ్బయా,
ఆకు సంగతి పొద్దుటెండని అడగాల."

శేషారత్నం గడిలో "ఆడలేదు" అని ఉంది.
నలభై నిమిషాలూ నిలబడే ఉంది,
కూర్చోవే అన్నా వినలేదు.
వేలంలో ఎవరూ పాడని చెక్కుని నోబిడ్ అంటారు.
అమ్మ ఆ మాట ఇంట్లో పలకనిచ్చేది కాదు.
రేపు మళ్లా వస్తది లేమే అనేది,
తిరిగొచ్చిన బండిని చూస్తా.

పోలేరమ్మ మిగిలింది.
కొత్తపట్నం పిల్ల, పడవల దగ్గర నడక నేర్చింది.
రెండో సగానికి ముందు నా చెయ్యి గుంజి
"మేడం, గాలి తిరిగింది,
దూరం నుంచి వెయ్యొద్దని చెప్పండి" అంది.
నవ్వాను.
ఇదేమన్నా వలేసే పనా అన్నాను అందరిముందూ.
ఆ తర్వాత దూరం నుంచి వేసినవి తొమ్మిది.
ఒక్కటి పడితే ఒట్టు.
దానికి ఒళ్లు మండి ఆడిందో, మనసు చెదిరి ఆడిందో,
ఆట ముగియకముందే బయటికొచ్చేసింది.
తప్పులు: ఐదు.
ఆరోది నాది. దానికి గడి లేదు.

పదికి ఎన్ని అనే నిలువుగీత
పైనుంచి కిందిదాకా తెల్లగా ఉంది.
పెన్ను మూత పెట్టాను.
కాయితం మీద రాలిన రెక్కలు ఊదేశాను.
పొద్దున ఆరింటికి కోర్టు ఊడ్చే వంతు పోలేరమ్మది.
ఇది పట్టుకుని పోతా.
ముందు
గాలి ఎటుందో అడగాలి.