గోదారిలో వ లేదు

తొమ్మిదింపావు పంటు తప్పితే
మళ్ళీ పదింటికే.
అందుకని చెప్పులు చేత్తో పట్టుకుని
ఒండ్రులోకి దిగిపోతాను రోజూ.
ఆవలి గట్టున, లంకలో, నా ఒకటో తరగతి:
పదకొండు మంది పిల్లలు, ఒక ఫ్యాను,
ఉప్పుగాలికి గోడ మీద పెచ్చులూడిన అచ్చులు.
ఋ సగమే మిగిలింది.
దానికోసం ఎవరూ ఏడవలేదు.

రెబ్బా రూతుకి ఆరేళ్ళు.
నోట్లో ర లేదు.
పేరడిగితే లూతు అంటుంది.
ఇంకెక్కడైనా పుట్టుంటే సరిపోయేదేమో,
ఇక్కడ ఏం ముట్టుకున్నా ర తగులుతుంది:
రేవు, రొయ్య, వరి, కొబ్బరి,
తిప్ప మీద పరిగెత్తే ఎర్ర పీత.
"మా అమ్మ కంపెనీలో లొయ్యల తలకాయలు తీత్తాది" అంటే
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను. అదీ రాసుకోవాలి ఇక్కడ.

పలక మీదా అంతే.
రేవు అని చెప్తే లేవు అని రాసింది.
ఎర్ర సుద్దముక్కతో కొట్టేశాను.
తన నోరు తన చెవికి ఏం చెప్పిందో
అదే చేతికి అందిందని
ట్రైనింగులో నాకెవరూ చెప్పలేదు.
చెప్పే ఉంటారు.
పరీక్ష రాసి మర్చిపోయుంటాను.

అద్దం తెచ్చాను. నాలిక మడవమన్నాను.
రా రా రా అని వందసార్లు అనిపించాను,
పిల్లిని పిలిచినట్టు.
లా లా లా అని వచ్చింది.
నాలుగో రోజు నుంచి నోరు తెరవడం మానేసింది.
హాజరు పిలిస్తే చెయ్యెత్తేది.
బుద్ధిమంతురాలైంది అనుకున్నాను.

ఒక శనివారం, సంతకి పోయే పంటులో,
మోటారుసైకిళ్ళకీ పీచు బస్తాలకీ మధ్య
నాకు వీపు పెట్టి కూర్చున్నారు
రూతూ, వాళ్ళ అక్క కెజియా.
"కటీ కచ కలు కకు కచె కప్ప కకు."
క భాష!
ప్రతి మాటనీ ఎక్కడ విరవాలో అక్కడే విరిచి
ముక్క ముక్కకీ ముందు క తగిలించి
ఇంజను చప్పుడు మీదుగా పరిగెత్తిస్తోంది
నా తరగతిలో నోరులేని పిల్ల.
టీచరుకు చెప్పకు, అని
నేను కూడగట్టుకునేసరికి
వాళ్ళ ముచ్చట అవతలి గట్టు చేరిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని అనను. పట్టింది.
సోమవారం మాత్రం పుస్తకం తియ్యలేదు.
ముక్కకో చప్పట్ కొట్టించాను.
కొ, బ్బ, రి. మూడు.
పీ, త. రెండు.
"రేవులో రే తీసేసి పా పెడితే?"
"పావు!"
అందరికంటే ముందు అరిచింది రూతు.
అందులో ర లేదుగా, భయం లేదు.

మర్నాడు నది వంతు.
గో, దా, రి. మూడు చప్పట్లు.
బోర్డు మీద పుస్తకంలో ఉన్నట్టే రాశాను: గోదావరి.
వేలితో తడుముకుంటూ వచ్చింది.
గో. దా.
ఆగింది.
"టీచల్, ఈ వ ఏటండి? మనం అనం గదా."

ముప్పై నాలుగేళ్ళుగా ఈ నీళ్ళే తాగుతున్నాను.
వరదొచ్చినా గోదారే, పులస పడ్డా గోదారే,
మా నాన్న అస్థికలు కలిపిందీ గోదారిలోనే.
ఏ పాయ దగ్గర మింగేశామో ఆ వ-ని!
జిల్లాలకు జిల్లాలే మింగేశాం.
ఒక్కరినీ అద్దం ముందు నిలబెట్టలేదు ఎవరూ.

"అది పుస్తకంలో ఉంటుందమ్మా, నోట్లో ఉండదు."
"నా ల లాగానా అండి?"
ఏ అక్షరం గురించి అడిగిందో
ఇప్పటికీ నాకు తెలీదు.
"ఆయ్" అన్నాను,
పెద్దవాళ్ళకి చెప్పే ఆయ్.

ర ఇంకా రాలేదు.
ఏడు నిండనివ్వండి, రాకపోతే చూద్దాం
అన్నాడు అమలాపురం డాక్టరు.
ఈలోగా పుస్తకం చదువుతోంది.
ర కనబడితే వేలు గట్టిగా నొక్కి ల అంటుంది.
రాసేటప్పుడు మాత్రం ర రాస్తుంది.

నిన్న రేవులో టిక్కెట్ల రేకు చదివింది, గట్టిగా:
"మనిషికి పదిహేను లూపాయలు."
టిక్కెట్లబ్బాయి నవ్వాడు.
"కన కవ్వ కకు" అన్నాను అతనితో,
కూడబలుక్కుని, తడబడుతూ.
వాడికేం అర్థం కాలేదు.
రూతు మెల్లగా తల తిప్పి
నా వైపు చూసింది.