మూడాదే

చేరేటప్పుడు ఫారంలో ఒక గడి ఉంది, కారణం రాయమని.
షుగరు అని రాశాను.
అబద్ధమేం కాదు, పరగడుపున నూట అరవై.
పెరంబూరు కార్పొరేషన్ స్కూలు వెనక మైదానంలో
తెల్లారి ఐదున్నరకి
పిల్లల వరసలో చిట్టచివర,
చున్నీ నడుముకి బిగించి, చేతిలో వెదురుకర్రతో
నలభై నాలుగేళ్ళ నేను.

ఏళుమలై మాస్టారు అడుగులు అరవంలో లెక్కపెడతాడు:
ఒణ్ణు, రెండు, మూణు, నాలు.
నా కాళ్ళు లోపల్లోపల తెలుగులో లెక్కపెట్టుకుంటాయి.
ఒక్క రెండు దగ్గరే ఆయనా నేనూ కలుస్తాం.
మిగతా అంతా నేను ఒక కుట్టు వెనక.

"కణ్ణ మూడాదే!"
మొదటి వారమంతా ఆయన నన్నన్నది ఇదొక్కటే.
కళ్ళు మూయకు అని.
అర్థం తెలుసు, ఈ ఊళ్ళో పుట్టినదాన్నే.
కానీ ఆ మాట చెవినపడితే చాలు
చాకలిపేటలో మా కొట్టు,
రెండు కుట్టుమిషన్లు, గోడ మేకుకి గజంబద్ద,
దాన్ని అందుకుంటూ మా నాన్న:
"ఇవాళ నీకు మూడిందే."

కాజా వంకరైతే రెండు. గుండీలు లెక్క తప్పితే
ఆయనా లెక్క తప్పేవాడు.
ఆ చేత్తోనే, మిగిలిన ముక్కలతో
వీధిలో పిల్లలకి చొక్కాలు కుట్టి ఊరికే ఇచ్చేవాడు.
అదీ నిజమే. నేనే కాజాలు తీశాను వాటికి.

మూడిందే, మూడాదే.
ఒక భాషలో ఆయువు, ఇంకో భాషలో రెప్పలు.
ఎవరి చెయ్యి లేచినా నా కళ్ళు మూసుకుంటాయి.
మందుల షాపులో, పై అరలో టానిక్కు కోసం
కుర్రాడు సదాశివం చెయ్యెత్తినా.
క్యాలెండరు కాగితం చింపడానికి మా ఆయన లేచినా.
పెళ్ళైన కొత్తలో అడిగాడాయన, "నేనేం చేశానని?"
ఏమీ చెయ్యలేదు.
ఇరవై ఏళ్ళుగా ఏమీ చెయ్యలేదు, పాపం.
నాన్న పోయి పదకొండేళ్ళు.
ఆ కబురు నా రెప్పలకి ఎవరూ చెప్పలేదు.

గడిలో పట్టని కారణం ఇదీ.

నా జత యాళిని, పదకొండేళ్ళది,
పళ్ళకి తీగ, జడకి పచ్చ రబ్బరు.
మొన్న దాని కర్ర నా మెటికల మీద పడింది.
కర్ర పారేసి పరుగెత్తుకొచ్చి
నా చెయ్యి పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది.
"వలిక్కుదా ఆంటీ?"
నొప్పిగా ఉందా అని.
కర్ర పట్టిన మనిషి నన్నా మాట అడగడం ఇదే మొదలు.
లేదు లేదన్నాను.
మెటికలు రెండ్రోజులు వాచాయి.

ఇవాళ, ఒకే ఒక్కసారి, మూయలేదు.
కర్ర తల మీదికి వస్తూ కనిపించింది.
తొమ్మిది కణుపులు.
ఐదో కణుపు దగ్గర కాలిన మచ్చ.
వెనక, నాలిక కొరుక్కుంటున్న యాళిని.
ఆ వెనక లోకో షెడ్డు రేకుల మీద పొద్దు.
అబ్బ, ఎంత తీరిగ్గా వస్తుందో కర్ర!
నాది అడ్డంగా లేచింది. టక్.

అన్నేళ్ళు గజంబద్ద కింద ఉండి
దాని మీద అంకెలు ఏ రంగో చూడనేలేదు నేను.

తిరిగొస్తుంటే బస్సులో
ఎవరో పై కడ్డీ కోసం చెయ్యెత్తారు.
మూసుకున్నాయి.

సరే.
ఇంటికొచ్చి కర్రకి నువ్వుల నూనె రాశాను.
గోడకి మేకుంది.
తలుపు వెనక, నేల మీద నిలబెట్టాను.