హాజరు గడి

ఫారంలో పదకొండో వరుస.
వేదిక అన్న చోట కొట్టివేతలు,
ప్రేక్షకులు అన్న చోట నాలుగు చిన్న గళ్లు.
మొదటి రెండింటిలో సున్నాలు పెట్టేశాకే
బస్సు ఎక్కడం నాకు అలవాటు.

మొదటి రౌండు లాలాగూడ రైల్వే గ్రౌండు.
ముప్పై ఏడు.
అందులో తొమ్మిది మంది తర్వాతి మ్యాచి ఆడాల్సిన పిల్లలే,
ఇద్దరు అంబులెన్సు వాళ్లు,
ఒకాయన నీడ కోసం వచ్చి తువ్వాలు పరుచుకున్నాడు.
"పన్నోళ్లను గూడ లెక్కేసినవా మేడం?"
ఫోన్లో కార్యదర్శి సారు నవ్వు.
రెండో గోలుకి లేచి కూర్చున్నాడు సార్,
అందుకే వేశాను.

క్వార్టర్ ఫైనల్ పెద్ద స్టేడియంలో అని కాగితం.
రాత్రి పదిన్నరకి మెసేజీ:
అక్కడ ఎవరిదో రిసెప్షను,
పచ్చిక మీద షామియానాలు,
మీరు బార్కస్ పోండి.
పొద్దున్నే ఒక ఆటోలో ఏడుగురం,
గోలు వలలు ఎస్తేరు ఒళ్లో.
"చేపలకు పోతున్నమా అక్కా?"

బార్కస్‌లో బంతి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.
లుంగీల తాతలు నమాజు నుంచి నేరుగా వచ్చి
గోడ వెంట కూర్చున్నారు.
ఆడపిల్లల ఆటే కదా అని
సగం ముఖాలు రోడ్డు వైపు.
సల్వా బావజీర్ ఎడమకాలితో మూల నుంచి ఒకటి తిప్పింది,
బంతి వంగిన వైపే తలలన్నీ వంగాయి.
కాసేపటికి ఒక తాత లేచి
"ఓ రెఫరీ, చష్మా పెట్టుకో!" అని అరిచాడు.
నా పెన్ను ఆగిపోయింది.
ఇన్నేళ్లలో మా ఆటలో
రెఫరీని తిట్టేంత ఇష్టంగా ఎవరూ చూడలేదు.
నూట నలభై రెండు.
పక్క డాబాల మీద ఆరేసిన బట్టల మధ్య
కదిలినవాటిని మనుషులనుకుని
ఇంకో పదకొండు.

గేటు బయట ఒకామె,
మునిసిపాలిటీ నారింజ కోటు విప్పకుండానే
చీపురు మీద గడ్డం ఆనించి.
గోల్‌కీపర్ నవనీత వాళ్లమ్మ.
ట్యూషన్‌కని చెప్పి వస్తుంది పిల్ల.
రూలు ప్రకారం గేటు బయటివాళ్లు ప్రేక్షకులు కారు.
పన్నెండు.

సెమీస్‌కి పరేడ్ గ్రౌండు పక్కన ఒక ముక్క దొరికింది.
గ్యాలరీ లేదు, తాడు కట్టాం.
పైన మెట్రో ప్లాట్‌ఫారం.
ఆఫీసు బ్యాగుతో ఒక కుర్రాడు
అద్దానికి నుదురు ఆనించి
మియాపూర్ బండి వదిలేశాడు,
తర్వాతిదీ వదిలేశాడు.
రైళ్లలో పోయేవాళ్లను నేను కలపను,
ఆరు సెకన్లు చూడటం చూడటం కాదు.
అతణ్ణి మాత్రం కలిపాను.

ఫైనల్‌కి ఎట్టకేలకు పెద్ద స్టేడియం.
వేల కుర్చీలు, అన్నీ నీలం.
లాలాగూడలో ముప్పై ఏడుగురు గుంపులా ఉన్నారే,
ఇక్కడ రెండొందల మంది
ఎవరో పారబోసుకున్న మరమరాల్లా ఉన్నారు.
కెమెరా అబ్బాయి మైకులో
"అందరూ ఒక్క మూలకు జరగండి,
నిండుగా కనపడాలె."
జనం జరిగారు, టిఫిన్ డబ్బాలతో, చంటిపిల్లలతో.
ఒక్క నారింజ కోటు జరగలేదు,
గోలు వెనకే నిలబడింది,
ఈసారి గేటు లోపల.
డెబ్భయ్యో నిమిషంలో బార్కస్ వ్యాను వచ్చింది:
వేదిక మారిందని వాళ్లకెవరూ చెప్పలేదట,
ముందు జింఖానా పోయి, అక్కడ తాళం చూసి,
మూసీ అవతల నుంచి ఊరంతా తిరిగి
పంతొమ్మిది మంది తాతలు,
దిగుతూనే "స్కోరెంత?"

నవనీత వాళ్లు ఓడిపోయారు. అది వేరే వరుస.

లైట్లు ఆర్పాక సారు వచ్చాడు.
"ఐదు వందలు వేసెయ్ మేడం,
రౌండుగ ఉంటది, స్పాన్సరు సూస్తడు."
సెల్లు వెలుతురులో రాశాను:
సున్నా, రెండు, రెండు, ఒకటి.
ఆయన చాలాసేపు ఆ సున్నానే చూశాడు.

వలలు చుట్టి భుజానికెత్తుకుంటూ ఎస్తేరు,
"మల్లొచ్చే కప్పు యాడ అక్కా?"
కాగితం మీదైతే ఇక్కడే, అన్నాను.