వెనిగర్ దండిగా

పొట్ట కోస్తే అక్షరమ్ముక్క ఉండదంటారే,
నాది కోశారు.
ముప్పావు వంతు తీసి స్టీలు పళ్ళెంలో పెట్టారట.
చదవడం వచ్చినవాళ్ళు అక్కడుంటే
చదివేవాళ్ళు:
ముప్పై రెండేళ్ళ గురువారాలు,
రెన్జో కొట్టు, కాగితం పొట్లం, వాన.

మిగిలింది అరటికాయంత.
ఐదు గాట్ల మీది పట్టీలు ఊడదీస్తూ నర్సు అంది,
"ఆకలి పుట్టే చోటునే తీసేశాం గ్లెనిస్,
ఇంక నిన్ను సతాయించదు."

నిజమే, సతాయించలేదు.
ఆకలి పోయిన ఇంట్లో
ఆశ ఒక్కతే ఉంటోందిప్పుడు,
మొగుడు పోయాక అన్ని గదులూ తనవే అయిన ఆవిడలా
రాత్రంతా దీపాలు వేసుకుని.

మొదట్లో నీళ్ళలాంటి సూపు.
తర్వాత నలిపిన గుడ్డు, మూడు చెంచాలు.
నాలుగో చెంచాకి
రొమ్ముటెముక వెనక ఎవరో
తలుపుకి భుజం అడ్డం పెడతారు.
తింటూ తాగకూడదు. తాగిన అరగంట దాకా తినకూడదు.
ముద్దకి ఇరవైసార్లు నమలాలి.
లెక్కపెట్టి తింటే తిండిలా ఉండదు,
బస్సు దిగేముందు చిల్లర ఏరుకున్నట్టుంటుంది.

స్కూలు క్యాంటీన్లో వడ్డన నా పని.
గరిటె నా చేతిలోనే.
రోజుకి నూట పది పళ్ళేలు.
"మిస్, సన్నబడ్డారు" అంటుంది ఏడో క్లాసు పిల్ల,
ఉంగరానికి చుట్టిన దారం చూస్తూ.
వాళ్ళు వదిలేసిన పై అంచులు బకెట్లోకి గీకుతుంటే
నా నోట్లో నీళ్ళు,
ఎవరికీ కనబడకుండా మింగుతాను.
నీళ్ళు మింగొచ్చు. నీళ్ళకి లెక్క లేదు.

రాత్రి రెండింటికి
మెర్థర్ కొండ మీద వాన, పక్కన ఎమ్లిన్ గురక.
ఫోన్లో శబ్దం కట్టేసి
ఎవరో ఎక్కడో వెన్న కరిగించడం చూస్తాను,
యాభై ఆరేళ్ళ మనిషిని, దుప్పటి కింద,
దొంగలా.

ఏం తినాలనుందో చెబితే నవ్వుతారు.
కేకు కాదు. వేయించిన మాంసం కాదు.
చిప్స్ పొట్లం అడుగున
వెనిగర్ పీల్చుకుని, మెత్తబడి,
కాగితానికి అతుక్కుపోయి
వేలితో గీకితే గానీ రాని ఆ చివరి నలుసు.
గోటి సందులో ఉప్పు.

ఆగస్టులో ఒకసారి ఓడిపోయాను.
ఆరు చిప్స్, గబగబా, నుంచునే.
బస్ షెల్టర్ వెనక గోడ పట్టుకుని
ఆరూ తిరిగిచ్చేశాను.
సిగ్గేమిటంటే
కళ్ళు తుడుచుకుంటూ కూడా నాలుక
పెదాల మీద వెతుకుతూనే ఉంది.

గనుల సమ్మె నాటికి నాకు పదహారు.
చాపెల్ వెనక హాల్లో ఊరందరికీ కలిపి వండేవారు.
అమ్మ తన వంతు ఆలుగడ్డ
నా పళ్ళెంలోకి దొర్లించి,
"నాకాకలి లేదే" అనేది, కిటికీలోంచి చూస్తూ.
మా అక్కచెల్లెళ్ళం నమ్మేవాళ్ళం. చక్కగా నమ్మేవాళ్ళం.
ఇవాళ అదే మాట,
అదే గొంతుతో, నేనంటున్నాను.
నాది నిజం.
ఎవ్వరూ నమ్మరు.

గురువారం ఇప్పటికీ రెన్జో దగ్గరికి వెళ్తాను,
ఎమ్లిన్ వంతు తేవడానికి.
"ఉప్పు? వెనిగర్?"
తెలిసీ అడుగుతాడు, ప్రతిసారీ.
"వెనిగర్ దండిగా."
పొట్లం కోటు లోపల పెట్టుకుని ఎత్తు ఎక్కుతాను,
వేడి ఐదు మచ్చలకీ తగులుతుంటుంది,
ఇంటికి చేరేసరికి నా బట్టలన్నీ ఆ వాసన.

ఎమ్లిన్‌కి వెనిగర్ పడదు. పెళ్ళికి ముందునించీ పడదు.
మొహం చిట్లించుకుని తింటాడు,
ఏమీ అనడు.
తినడం అయ్యాక
కాగితం ఉండ చుట్టకుండా
బల్ల మీద నా వైపు జరిపి,
టీవీ చూడ్డానికి వెళ్ళిపోతాడు.