తొమ్మిది నిమిషాలకొక నిమిషం

శ్రీకాకుళం ఆసుపత్రి వెనక,
శవాల గదికీ జనరేటరుకీ నడుమ
నా డ్యూటీ.
వార్డులు కడిగిన నీళ్లు, పురిటి గది నీళ్లు,
క్యాంటీన్ చారు,
అన్నీ దిగేది నా తొట్టెలోకే.

తొట్టెలో ఉన్నది బురద కాదు, మంద.
కంటికానని మంద.
గాలి అందితే తింటుంది, తింటే పెరుగుతుంది.
రంగు చిక్కటి కాఫీలా ఉండాలి,
వాసన తొలకరికి తడిసిన మెరకచేనులా.
ఆ రెండూ కుదిరిన రోజు మీటర్లు చూడక్కర్లేదు.

చివరి గదిలో పోగులు వేలాడుతుంటాయి,
తెల్లగా, బోలుగా, సేమియా లావున,
వేలకు వేలు.
పంపు పీలిస్తే నీరు పోగులోకి దూరుతుంది,
మంద బయటే ఆగిపోతుంది.

మా అమ్మ తవిటమ్మ ఓసారి చూడ్డానికొచ్చి
"ఒరే, దీన్ని వడికిందెవులు?" అంది.
పొందూరులో నలభై ఏళ్లు కదురు తిప్పిన మనిషి.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వి
నలకన్నది మిగలనివ్వని చెయ్యి
స్పేరు కట్టని ఒళ్లో పెట్టుకుని నిమిరింది.
"చిల్లులేవీ?"
కనబడవమ్మా అన్నాను.
"కనబడనివైతే బేగి పూడిపోతాయి."

ట్రైనింగులో మూడు రోజులు నాకు చెప్పింది అదే.

మొన్న శుక్రవారం గడువు తీరిన మందు సీసాలు
ఎవరో సింకులో వంపేశారు.
తెల్లారేసరికి తొట్టె మీద మోకాలెత్తు నురగ.
వాసన తిరిగిపోయింది.
మంద చస్తోంది,
చస్తూ కడుపులోని జిగురంతా కక్కుతోంది,
ఆ జిగురు పోయి పోగుల్ని పట్టుకుంది.
బతికున్నన్నాళ్లూ అవి ఇంత బాధ పెట్టలేదు.

గేజి ముల్లు పదిహేను నుంచి ముప్పైనాలుగు.
ఫోన్లో సూపర్‌వైజరు జోగారావు:
"స్పీడు పెంచవయ్యా, లెక్క తగ్గితే పైవాళ్లు తిడతారు."
పెంచితే వస్తాయి నీళ్లు, ఓ గంట.
ఆ తర్వాత జిగురు బిగిసి తోలవుతుంది.
చిక్కుపడ్డ నూలుని లాగి విడదీసినవాడు
మా వీధిలో ఒక్కడూ లేడు.

తగ్గించాను.
తొమ్మిది నిమిషాలు పీల్చి ఒక నిమిషం ఆగే పంపుని
ఏడుకి రెండు చేశాను.
ఆ రెండు నిమిషాలూ గాలి ఒక్కటే;
బుడగలు అడుగునుంచి లేచి
పోగుల్ని ఊపుతాయి, ఊపి వదులు చేస్తాయి.
బ్లీచింగు నీళ్లు పలచగా వెనక్కి ఎక్కించాను,
ఘాటెక్కితే మిగిలిన మందా పోతుంది.
జల్లెడకి చుట్టుకున్న జుట్టూ దూదీ పీకాను.
ఎవరి జడో, ఎవరి కట్టో.
పక్క ప్లాంటు వాళ్లనడిగి
రెండు డ్రమ్ముల బతికున్న బురద తెచ్చి పోశాను,
పాలకి తోడు పెట్టినట్టు.

మూడింటికి బల్లెడ లచ్చయ్య వచ్చాడు.
పొద్దుటి డయాలసిస్‌కి కవిటి నుంచి రాత్రే దిగి
వరండాలో పడుకుంటాడు, నిద్ర పట్టదు.
"నా రత్తం కూడా ఇలాటి పోగుల్లోంచే పోద్దంట."
అవునన్నాను.
"దానికీ ఇలాగ నిమిసం నిమిసం ఆపుతారేటి?"
తెలీదు. నిజంగానే తెలీదు.

గ్లాసులో నీళ్లు పట్టి దీపానికెత్తి చూపించాను.
ఎండాకాలం నాగావళి కూడా ఇంత తేటగా పారదు.
"తాగొచ్చేటి?"
కూడదు, మొక్కలకే.
చాలాసేపు గ్లాసునే చూశాడు.
"మా ఊరి బోరు నీళ్లూ ఇంత తేటగానే ఉంటాయి బాబూ."

గ్లాసు గన్నేరు మొదట్లో పోసి
రిజిస్టరు తెరిచాను.
నాలుగు గంటలు. ముప్పైఒకటి.
దిగుతోంది, అని రాసి
దిగుతోంది కొట్టేశాను.
అంకె చాలు.